కన్యామాలో రెండో లైను

కన్యామా బజారు వెనక ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టె బిగించడానికి కరెంటాఫీసు లైన్‌మన్ లింబానీ వచ్చిన రోజు, చేపల ముబితా దుకాణం మూసి మరీ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ వయసులో లింబానీకంటే పెద్దది. దానినుంచి బయలుదేరే ఒక్కో తీగకూ ఒక్కో కడియం తొడిగి, కడియాలను పెట్టెకు కలపాలి. ఏ లైనులో ఎంత కరెంటు పోతున్నదో ఆ పెట్టె ఎప్పటికప్పుడు ఆఫీసుకు చేరవేస్తుంది. కరెంటు ఆపకుండానే చెయ్యాలి కాబట్టి చెమటలు పట్టించే పని.

"ఏంటి తమ్ముడూ, మా మీద నిఘానా?" అన్నాడు ముబితా కిందనుంచి.

"నీ మీద నిఘా దేనికన్నా, నీ చేపల వాసన ఆఫీసుదాకా వస్తూనే ఉందిగా!"

చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. ముబితా భార్య నసిలేలే మాత్రం నవ్వలేదు. "నిజం చెప్పు. ఇది పెట్టాక మా కరెంటు తీసేస్తారా?"

"తియ్యరక్కా. ఏ లైను మీద బరువెక్కువుందో చూసి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తారు. మాటిస్తున్నా."

ఆఫీసులో అతనికి చెప్పింది అదే. అతను నమ్మిందీ అదే.

వానలు మొదలయ్యాక ఆఫీసు రెండో లైను ఫ్యూజులు పీకించింది. అందులో పోతున్న కరెంటు సగం ఏ మీటరులోనూ కనపడడం లేదట. దొంగతనంగా తీగకు కొక్కేలు తగిలించుకున్నవాళ్లెవరో, మీటరు పెట్టించుకున్నవాళ్లెవరో పెట్టెకు తెలియదు. వీధి వీధంతా చీకటైపోయింది. ముబితాకు మీటరుంది. మోంగు నుంచి అంతకుముందు రోజే దిగిన చేపలు అతని ఫ్రీజరు నిండా ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం అతను లింబానీ ఇంటికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాటిచ్చావు కదా తమ్ముడూ."

లింబానీ అతని ముందే పై అధికారి హమూందేకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాల్సింది కాదు, పెట్టాడు.

"కొక్కేలు వాళ్లంతట వాళ్లే దింపుకోవాలి. అప్పటిదాకా ఆ వీధికి కరెంటు లేదు," అన్నాడు హమూందే. "మధ్యలో నీకేంటయ్యా? చుట్టాలా?"

ముబితా గుమ్మం దిగాడు. లింబానీ గేటుదాకా వెంట వెళ్లాడు. "రేపు నేనే ఆఫీసుకెళ్లి మాట్లాడతాను. ఒక్కరోజు ఆగన్నా."

"నేనాగుతానయ్యా, చేపలాగుతాయా?"

తెల్లవారి సన్నగా వాన పడుతుండగా ముబితా స్తంభం ఎక్కాడు. అదే స్తంభం మీదుగా పోయే మొదటి లైనులో కరెంటుంది. దాన్నుంచి తన ఇంటికి తీగ లాగబోయాడు. అరుపైనా వినపడలేదని ఎదురింటివాళ్లు చెప్పారు.

దించడానికి ఆఫీసు లింబానీనే పంపింది. దగ్గర్లో ఉన్నది అతనే. ఈసారి నిచ్చెన పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. కరెంటు ఆపి, ఎక్కి, ముబితా చంకల కింద తాడు కట్టి మెల్లగా దించాడు. చొక్కా జేబులో తీగ అతుకులకు చుట్టే కొత్త టేపు చుట్ట ఉంది, పైకాగితం కూడా విప్పలేదు.

చావింట్లో ఆడవాళ్లు లోపల నేలమీద, మగవాళ్లు బయట నిప్పు చుట్టూ కూర్చున్నారు. లింబానీ లోపలికెళ్లి నసిలేలే ముందు మోకరిల్లాడు.

"వాళ్లిలా తీసేస్తారని నాకు తెలీదక్కా."

ఆమె ముఖం తుడుచుకుంది. "ఆ తెలీదన్న మాట ఆరోజే అనుంటే సరిపోయేది. నువ్వు మాటిచ్చావు. ఆయన నమ్మాడు."

అతను తల దించుకుని బయటికొచ్చాడు. నిప్పు దగ్గర ఎవరూ జరిగి చోటివ్వలేదు. చివరికి ముబితా వాళ్లన్న, మోంగు నుంచి బస్సులో వచ్చిన ముసలాయన, పక్కనున్న దుంగను కాలితో ఇటు నెట్టి "కూర్చో," అన్నాడు.

శ్మశానంలో గుంత పూడ్చేటప్పుడు పారలు చేతులు మారాయి. ఒకటి లింబానీదాకా వచ్చింది. తీసుకున్నాడు. వానకు తడిసిన ఎర్రమట్టి బరువుగా ఉంది. ఎవరో చాలని చెప్పేదాకా పోస్తూనే ఉన్నాడు.