తప్పుల శనివారం

మా లెక్కల టీచర్ల ఫోన్ గ్రూపులో శనివారానికి ఒక నియమం ఉంది. ఆ వారం క్లాసులో పిల్లలు చేసిన తప్పొకటి తెచ్చి అందరి ముందూ పెట్టాలి. పిల్లల పేరు, ముఖం, బడి పేరు కనిపించకూడదు. ఆ తప్పు ఏ దారిన వచ్చిందో మిగతావాళ్ళు వెతుకుతారు. గ్రూపు నడిపేది రిటైరైన ఒక మాస్టారు. నాలుగు వేలమంది టీచర్లం ఉన్నాం అందులో.

నేను చదువుకున్న పల్లెబడిలో ఐదు తరగతులకూ ఒకే గది. సందేహం అడిగితే బెత్తం లేచేది. నేను టీచరయ్యాక కూడా అడగడం అలవాటు కాలేదు. రెండేళ్ళు ఆ గ్రూపులో ఒక్క ముక్క రాయకుండా అందరివీ చదువుకున్నాను. చదివింది మర్నాడు క్లాసులో చేసి చూసేదాన్ని.

నేను చెప్పే మూడో తరగతిలో ఒక పిల్ల నాలుగు నెలలుగా నోరు విప్పలేదు. పిన్ని దగ్గర ఉండి చదువుకుంటోంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. పక్క క్లాసు చెప్పే అక్క ఆ పిల్లకి మౌనస్వామి అని పేరు పెట్టింది. నెలాఖరు నోటి పరీక్షలో ఒక్క జవాబైనా చెప్పకపోతే కింది తరగతికి దించుతామని హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపారు. దించితే బడి మాన్పించి తనతో కుట్టుపనికి తీసుకెళతానని పిన్ని తిరుగు కబురు పంపింది.

ఒక శుక్రవారం ఆ పిల్ల నోటుబుక్కులో యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసేస్తే ఇరవై ఆరు అని ఉంది. శనివారానికి పనికొస్తుందని ఫోన్ తీశాను. జవాబు వస్తుందన్న ఆశ లేకుండానే, "ఇది ఎలా వచ్చిందమ్మా?" అన్నాను.

"రెండు చిన్నపిల్ల కదా టీచర్," అంది. "ఎనిమిది ఇమ్మంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది, పాపం? అందుకని ఎనిమిదినే ఇమ్మన్నా. అది పెద్దది కదా, రెండు ఇచ్చేసింది. ఇంకా ఆరున్నాయి దాని దగ్గర."

నా వేలు వీడియో మీట మీద ఎప్పుడు పడిందో తెలియదు. అందులో ఉన్నది నోటుబుక్కూ, పెన్సిలు పట్టుకున్న వేళ్ళూ మాత్రమే. శనివారం పొద్దున దాన్ని గ్రూపులో పెట్టాను. అది నా మొదటి పోస్టు. పేరు లేదు, ముఖం లేదు. గొంతు సంగతి నియమంలో లేదు, నాకూ తట్టలేదు.

సాయంత్రానికి రెండు వందల జవాబులు వచ్చాయి. ఎక్కడో దూరాన ఉన్న ఒక టీచరు, "తీసివేతలో పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో అనే మాట మానెయ్యండి. పదేసి పుల్లలు కట్టలు కట్టి ఇవ్వండి. ఒక కట్ట తన చేత్తోనే విప్పనివ్వండి," అని రాసింది. ఆదివారమంతా చీపురుపుల్లలు విరిచి రబ్బరు బ్యాండ్లు వేస్తూ కూర్చున్నాను. అంత సంతోషంగా ఎప్పుడూ పని చేయలేదు.

సోమవారం సంచి చూసి అక్క, "ఏమ్మోయ్, చీపుళ్ళ వ్యాపారమా?" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నీ మౌనస్వామి ఊరంతా మోగిపోతోంది, చూశావా?" అని తన ఫోన్ ఇచ్చింది.

గ్రూపులో ఎవరో ముచ్చటపడి ఇంట్లోవాళ్ళకి పంపారట. అక్కణ్ణుంచి ఇంకెవరో వెనకాల నవ్వులు జోడించి వదిలారు. కుళాయి దగ్గర మా పిల్లలే, "ఏయ్ రెండూ! ఎనిమిది ఇస్తావా, పాపం?" అని పాటలా అంటున్నారు. ఆ పిల్ల సీసా నిండి నీళ్ళు పాదాల మీద పడుతున్నాయి. కుళాయి కట్టలేదు.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది. చీరకి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి.

"మా కుట్టుషెడ్డులో ఫోన్ పట్టుకుని అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు టీచర్. నేనూ నవ్వాను. సగం నవ్వాక గొంతు గుర్తుపట్టాను."

"తప్పు నాదేనండి."

"మీదేలెండి. అయితే దాన్ని ఏం చేసుకోను? నోరు విప్పదు, విప్పదు అన్నారు. విప్పితే ఇదా?"

నా వీడియో తీసేశాను. బయట తిరిగేది తిరుగుతూనే ఉంది. మాస్టారు ఫోన్ చేసి, "పెదవి దాటింది పృథివి దాటిందమ్మా. నియమం పెట్టినవాణ్ణి నేను, నాకు తట్టాలి," అన్నారు.

పుల్లలు మాత్రం పనిచేశాయి. మూడు రోజుల్లో క్లాసుకి క్లాసే తీసివేత చేసేసింది. బడి వదిలాక ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఐదు కట్టలు, రెండు పుల్లలు ఇచ్చాను. తనే ఒక కట్ట విప్పింది. ఎనిమిది పుల్లలు తీసింది. మూడు కట్టలు పక్కకి జరిపింది. ఒక కట్ట, నాలుగు పుల్లలు మిగిలాయి.

"ఎంత తల్లీ?"

ముందు నా కుడిచెయ్యి చూసింది, తర్వాత ఎడమచెయ్యి. రెండూ చాపి చూపించాను. అప్పుడు నా సంచి వైపు చూసింది. సంచి కూడా బోర్లించాను, ఫోన్ ఇంట్లోనే వదిలి వచ్చానని చెప్పాను. పుల్లలన్నీ పోగుచేసి, మళ్ళీ కట్ట కట్టి నాకు ఇచ్చేసింది.

పరీక్ష రోజు హెడ్‌మిస్ట్రెస్ అదే లెక్క అడిగారు. తెలిసిన లెక్కయితే చెబుతుందేమోనని నేనే ఆవిణ్ణి బతిమాలుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. గడియారం చూడకుండా ఎదురు చూశారు. ఆ పిల్ల బల్ల కింద ఒక చేత్తో పిడికిలి బిగించి, రెండో చేతి నాలుగు వేళ్ళు చాపింది. నేను నిలబడ్డ చోటుకి కనిపించింది.

"మేడమ్, చెప్పింది! చేతులు చూడండి. పిడికిలి కట్ట, అంటే పది. పక్కన నాలుగు."

"ఇది నోటి పరీక్షమ్మా. ఈ ఒక్కదానికే చేతుల పరీక్ష పెట్టమంటావా?" అన్నారు, మెల్లగానే. కాగితం మీద సున్నా చుట్టారు.

సోమవారం ఆ పిల్ల రాలేదు. ఆ వారమంతా రాలేదు. కుట్టుషెడ్డుకి వెళితే పిన్ని కుట్టుమిషను ఆపకుండానే, "గుండీలు బాగానే కుడుతోంది. ఇక్కడ దాన్ని ఎవరూ ఏమీ అడగరు," అంది. ఆ పిల్ల మూలన కూర్చుని గుండీలు పదేసి కుప్పలుగా పెట్టుకుంటోంది. నన్ను చూసి తల వంచుకుంది.

ఇంటికి వచ్చేసరికి కట్టల సంగతి చెప్పిన టీచరు నుంచి నాకు విడిగా ఒక మెసేజ్ ఉంది. "పుల్లలు పనిచేశాయా అమ్మా? ఆ పిల్లకి తీసివేత వచ్చిందా?"

వచ్చింది, అని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు.