వెనక లైనుకో కుర్చీ

విశ్వవిద్యాలయం క్వార్టర్స్ సంఘానికి సంస్కరణ వచ్చింది. ముందు లైన్ల ప్రొఫెసర్లే నిలబడి, వాళ్ళే గెలిచి, వాళ్ళే చప్పట్లు కొట్టుకునే పద్ధతి పోయి, గుమాస్తాలుండే మా వెనక లైనుకూ ఒక సీటు దక్కింది. ఆ ఒక్క సీటు ఇవ్వాలా వద్దా అని ఏడాది పాటు చర్చించారు, పాపం.

పరీక్షల విభాగంలో టైపు చేసే మా వదిన, అంటే మా ఆయన అక్క, పోటీ లేకుండా గెలిచింది. సమావేశం సాయంత్రం ఆరింటికి. మా లైనులో కుళాయి వచ్చేదీ ఆరింటికే, అదీ అరగంట. మా ఆయన ఆ వేళకు లైబ్రరీ డ్యూటీలో ఉంటాడు. మంచాన పడ్డ అత్తయ్యను ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, ఇంకొకరు బిందెలు పట్టాలి. వదిన సమావేశానికి వెళితే అత్తయ్య ఒళ్ళు తుడవడానికి కూడా నీళ్ళుండవు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. నియమావళి రాసిన మహానుభావులకు ఈ సంగతి తట్టలేదు, వాళ్ళ ఇళ్ళ మీద ట్యాంకులున్నాయి మరి.

మొదటిసారి వదిన వెళ్ళలేదు. వెనక లైనుకు ఆసక్తి లేదని రాసుకున్నారు. రెండోసారి వెళ్ళి నీళ్ళ వేళ మార్చమని అడిగింది. అధ్యక్షుడు, రాజనీతి శాస్త్రం ప్రొఫెసరు, ఎంతో ఆదరంగా నీటి ఉపసంఘం వేసి ఆమెనే పెద్దను చేశాడు. అది కూర్చునేదీ ఆరింటికే. ఆ పూట ఖాళీ బిందెలు చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఉపసంఘం ఎక్కడ కూర్చోవాలో పెద్దగా నేనే చెప్పొచ్చటమ్మాయ్," అంది వదిన. "కుళాయి దగ్గరన్నాను."

మర్నాడు ఆరింటికి అధ్యక్షుడు ఫైలు చంకలో పెట్టుకుని ఉపసంఘం కోసం కుళాయి దగ్గరికి వచ్చాడు. నోరు తెరవబోతే వదిన ఆపింది.

"మీ ముందు ఇంకా చాలా బిందెలున్నాయి సార్. వరసలో నిలబడండి."

ఆయన బూట్లు తడిశాయి, ఫైలు తడిసింది. తీరా వంతు వచ్చేసరికి కుళాయి బుస్సుమని ఆగిపోయింది.

"ఇదేంటమ్మా, ఆగిపోయింది?"

"రోజూ ఇంతే సార్. ఇక చెప్పండి."

ఏళ్ళ తరబడి కదలని పంపు వేళ ఆ వారమే మారింది. నీళ్ళిప్పుడు ఏడింటికి వస్తున్నాయి. వదిన ఆరింటికి సమావేశంలో కూర్చుని, అడగాల్సినవన్నీ అడిగి, ఏడింటికి వచ్చి బిందె పడుతోంది. అత్తయ్యకు రోజూ స్నానం చేయిస్తున్నాం.

పెద్దలకే పాపం ఏం చేయాలో పాలుపోవడం లేదు. వచ్చే నెల నుంచి సమావేశాన్ని ఏడింటికి మారిస్తే అందరికీ వీలుగా ఉంటుందని ఆలోచిస్తున్నారట.