చీటీలు కాదు, మూటలు

"దుప్పట్లు చాల్లేదా మీకు? మా మెయిళ్ళు కూడా ఉతికి పారేస్తారా?"

ఇస్త్రీ అక్క ఆ మాట మేనేజరు మొహం మీదే అనేసింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో కార్మిక సంఘానికి కార్యదర్శి ఆమె. సంఘానికి ఈమెయిల్ చిరునామా ఇచ్చింది యాజమాన్యమే. ఉచితం కదా అని అప్పట్లో అందరూ సంబరపడ్డారు. ఇప్పుడు గోడకు నోటీసు అంటించారు: సర్వరు నిండిపోయింది, రేపు సాయంత్రం పాత మెయిళ్ళన్నీ తీసేస్తాం.

సంఘం ప్రాణమంతా ఆ పాతవాటిలోనే ఉంది. దుప్పట్లు నొక్కే పెద్ద యంత్రానికి అడ్డురేకు ఊడిపోయింది, చేతులు పోతాయి మహాప్రభో అని సంఘం రాస్తూనే వచ్చింది. 'అందింది, చూస్తాం' అని మేనేజరు జవాబిచ్చాడు. చూడలేదు. అక్కడే పనిచేసే అక్క మరిది చెయ్యి అందులో పడి కాలింది. ఇప్పుడేమో మాకెవరూ చెప్పలేదంటున్నారు. ఎల్లుండి తనిఖీ అధికారి వస్తాడు. అప్పటికి ఆ జవాబు చేతిలో ఉండాలి.

సంఘం గది బాయిలరు గోడకు ఆనుకుని ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే వీపు కాగిపోతుంది. ప్యాకింగులో పనిచేసే పిన్నే సంఘం మెయిళ్ళు చూసేది. ఆమె మనసుపడ్డ మెయిల్ ప్రోగ్రాం ఒకటుంది. ముచ్చటగా ఉంటుంది, ఫోన్లోనూ తెరుచుకుంటుంది. గదిలోని ముసలి కంప్యూటర్లో దాన్ని ఎక్కించి, పాస్‌వర్డు కొట్టింది. మెయిళ్ళు బిలబిలమంటూ వచ్చి వరస కట్టాయి.

"వచ్చేశాయే. ఇక వాళ్ళు ఏం తుడుచుకుంటారో తుడుచుకోమను," అంది పిన్ని.

మరిది కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నవ్వాడు. అక్కకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ లాండ్రీలో ఏ ఆసుపత్రి నుంచి సరుకొచ్చినా ముందు చీటీలు కొక్కేలకు వేలాడతాయి. మూటలింకా లారీలోనే ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళు కొక్కేలు చూసి సరుకు దిగిందని కేకేసి నవ్వులపాలవుతుంటారు.

"పిన్నీ, ఇవి మూటలా, చీటీలా?"

పిన్ని తెల్లబోయి చూసింది. అక్క వంగి కంప్యూటరు వెనక నెట్ వైరు పీకేసింది.

"ఇప్పుడు తెరువు."

పైన తేదీ ఉంది, మేనేజరు పేరుంది. కింద ఒక్క అక్షరం లేదు. ఇంకోటి తెరిచినా అంతే. సరుకంతా యాజమాన్యం సర్వర్లోనే ఉంది. అక్కడ తీసేస్తే ఇక్కడి చీటీ కూడా ఊడిపోతుంది.

పిన్ని మూతి ముడుచుకుంది. వేరే ప్రోగ్రాం ఉందనీ, అది మెయిలు మొత్తాన్ని తెచ్చి మన డిస్కులోనే పెడుతుందనీ, కానీ బూడిదరంగు పెంకిముండ, ఫోన్లో రాదనీ గొణిగింది.

"దాన్తో పెళ్ళి సంబంధమా పిన్నీ మనకు? ఎక్కించు," అన్నాడు మరిది.

ఎక్కించింది. ఈసారి పని కదలక కదలక కదిలింది. బాయిలరు వేడికి ముగ్గురూ చెమటలు కక్కారు. అంతా దిగాక అక్క మళ్ళీ వైరు పీకింది. 'అందింది, చూస్తాం' అన్న మెయిలు నిండుగా తెరుచుకుంది. మరిది దాన్ని చదివి, కట్టు వైపు చూసుకున్నాడు.

ఈ ముసలి కంప్యూటరు చచ్చిపోతే ఏం గతి అని పిన్ని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అందుకే మొత్తం నకలు తీసి ఒక డిస్కు పిన్ని ఇంటికీ, ఒకటి మరిది ఇంటికీ పంపాలనుకున్నారు. యాజమాన్యం చిరునామాకు దణ్ణం పెట్టి, బయట సంఘం పేరు మీద సొంత చిరునామా తీసుకున్నారు. మర్యాదగా మొదలుపెట్టమని పిన్ని అంది. అక్క వినలేదు. కొత్త చిరునామా నుంచి మేనేజరుకు వెళ్ళిన మొదటి మెయిలు ఇది:

"మీ జవాబు మా దగ్గర భద్రంగా ఉంది. మీరు తుడిచినా పోదు. రేపు పొద్దున పని మొదలయ్యేలోపు యంత్రానికి అడ్డురేకు బిగించండి. బిగించేదాకా ఏ చెయ్యీ దాన్ని ముట్టదు."