హెచ్‌కీ ఎయిచ్‌కీ మధ్య

ఒక మనిషి ఏ చర్చికి వెళ్తాడో తెలుసుకోవడానికి మా ఊళ్ళో ఆదివారం దాకా ఆగక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరమాలలో ఎనిమిదో అక్షరం పలకమంటే చాలు. కాథలిక్కులు హెచ్ అంటారు, ప్రొటెస్టెంట్లు ఎయిచ్ అంటారు. ఈ ఒక్క ఊపిరి తేడాతో ఉత్తర ఐర్లండ్‌లో కుర్రాళ్ళు సందుల్లో తన్నులు తిన్నారు, కొందరు ఇంటికి తిరిగి రాలేదు. చదువుకున్నవాళ్ళం కదా, అక్షరం విలువ మాకు బాగా తెలుసు.

అలాంటి ఊరికి నాయకుడైన హ్యూ హారిగన్‌కి పొడి అక్షరాలు రెండూ ఆ ఎనిమిదో అక్షరమే. రెండు వైపుల తుపాకులవాళ్ళనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి పాతికేళ్ళు చెప్పులరిగేలా తిరిగాడు. ఆయన కిటికీ అద్దాలు పగలగొట్టడంలో మాత్రం రెండు వర్గాలూ ఏ తేడా చూపించలేదు. పోయాక రెండూ ఆయన మావాడే అన్నాయి. పోయినవాళ్ళతో ఆ సుఖం ఉంది, ఎదురు చెప్పరు.

పదో వర్ధంతికి కౌన్సిల్ ఒక బెంచీ చేయించింది. మీట నొక్కితే ఆయన గొంతు వినిపించే బెంచీ. ఏ మాట వినిపించాలో తేల్చడానికి ఇటు ముగ్గురు, అటు ముగ్గురితో కమిటీ వేశారు. మినిట్స్ రాసేది నేను. నేను ఎటువైపో అడక్కండి. ఫోన్‌లో స్పెల్లింగ్ చెప్పాల్సొస్తే ఆ అక్షరం ఉన్న మాటల జోలికే పోను.

మొదటి సమావేశానికి ఆయన భార్య ఊనా వచ్చింది. ఎనభై ఆరేళ్ళు, చూపు పూర్తిగా పోయింది. ఫొటోలతో ఆమెకిక పనిలేదు. కౌన్సిల్ బీరువాలో ఒక పాత టేపు ఉంది. కొత్తగా చేరిన గుమస్తా పొడి అక్షరాలు అడిగితే ఆయన సరదాగా చెప్పిన జవాబు అందులో ఉంది. అదే పెట్టమంది.

"టీవీలో ఉన్నది ఊరికోసం పెట్టుకున్న గొంతు. వంటింట్లో నాతో మాట్లాడిన గొంతు ఆ టేపులోనే ఉంది. పోయేలోగా ఇంకోసారి వినాలి నాయనా," అంది నాతో.

టేపు వేశాం. ఆయన "హెచ్" అన్నాడు. తర్వాత నవ్వు ఆపుకుంటూ ఊపిరి పీల్చి వదిలాడు. ఆ తర్వాత "ఎయిచ్" అన్నాడు. అంతే.

వాళ్ళది ముందెందుకు రావాలని కమిటీలో ప్రొటెస్టెంట్ల తరఫు నార్మన్ గిల్‌క్రిస్ట్ అడిగాడు. తిరగేస్తే మాది వెనకెందుకు పోవాలని కాథలిక్కుల తరఫు ఫెర్గల్ మెక్‌కివర్ అడిగాడు. నాలుగు సమావేశాలు జరిగాయి. రెండూ ఒకేసారి వినిపించేలా కలిపి చూస్తే ఎవరో తుమ్మినట్టు వచ్చింది. కోడిగుడ్డు శాండ్‌విచ్‌ల దగ్గర మాత్రం ఎవరికీ ఏ విభేదమూ రాలేదు. పోనీ టేపు ఆవిడకే ఇచ్చేద్దామన్నాను. అది కౌన్సిల్ ఆస్తి అని ఇద్దరూ ఒక్క గొంతుతో కసిరారు.

అయిదో సమావేశంలో మా కౌన్సిల్ చరిత్రలోనే మొదటిసారి ఒక తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఎవరి మనసూ నొచ్చుకోకుండా రెండు అక్షరాలూ కోసెయ్యాలి. ఇక మిగిలేదేమిటని అడిగాను. తర్వాతి అంశానికి వెళ్దామన్నారు. తీర్మానం రాసిన చెయ్యి నాదే. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ప్రారంభం రోజున వాన. ఆవిడకి ఎవరూ ముందుగా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఊనాని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె వేలు పట్టుకుని మీట మీద పెట్టాను. నొక్కింది. నవ్వు ఆపుకుంటున్న ఒక్క ఊపిరి వినిపించి ఆగిపోయింది. ఆమె ముఖం చూడలేక నేల చూశాను. ఆమె మళ్ళీ నొక్కింది.

నార్మన్ ఫెర్గల్ వైపు వంగాడు. "ఆ ఊపిరిలో మీ హెచ్ వినిపిస్తోందయ్యా. సరిగ్గా కొయ్యలేదు."

"నీ మొహం. ముందుది పూర్తిగా పోయింది. అది మీ ఎయిచ్‌కి తీసుకున్న ఊపిరి," అన్నాడు ఫెర్గల్.

ఇద్దరూ డెబ్బైకి దగ్గరపడ్డవాళ్ళే. గొడుగుల కింద గొంతులు లేచాయి. ఊనా మీట మీద వేలు తియ్యకుండానే వాళ్ళ వైపు తల తిప్పింది.

"అబ్బాయిలూ, కాస్త నోళ్ళు మూసుకోండి. మా ఆయన మాట్లాడుతున్నాడు."