మధ్యాహ్నం దాటిన ఉపగ్రహం

విస్కాన్సిన్‌లోని మా ప్రయోగశాలలో అందరికీ పెద్ద పెద్ద డిగ్రీలున్నాయి. ఆ డిగ్రీలన్నీ పెట్టుబడి పెట్టి నెలంతా వెతికేది మాత్రం డిగ్రీలో పదోవంతు. భూమి చుట్టూ ఉన్న గాలి పోయిన నెల మామూలు కంటే ఎంత వేడెక్కిందో చెప్పే అంకె అది. తాపం భూమిది, తాపత్రయం మాది. ఉపగ్రహం అనుగ్రహిస్తే అంకె వస్తుంది, లేకపోతే మా పెద్ద ఆర్విడ్ హాల్వర్సన్‌కు ఆగ్రహం వస్తుంది.

ఆర్విడ్ పెట్టిన పద్ధతి ఒకటుంది. అంకెను ఇద్దరు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కట్టాలి. నెలలో మొదటి శుక్రవారం, అందరం వేయించిన చేపలు తినడానికి బయల్దేరేముందు, రెండు చీటీలూ బల్లమీద బోర్లా పెట్టి ఒకేసారి తిప్పాలి. కలిస్తే అంకె పత్రికలకు, మేం చేపల మీదికి. ఇరవై మూడేళ్ళలో అవి కలవని నెల లేదు. ఒరెగాన్‌లో ఇదే లెక్క కట్టే డెల్లా ఫెంటన్ నెలనెలా అంకెలతో గీసే గీత ఎప్పుడూ మా గీతకు కాస్త పైన ఉండేది. ఆవిడ థర్మామీటరును కాఫీలో ముంచుతుందని ఆర్విడ్ సభల్లో నవ్వించేవాడు.

ఈ మార్చిలో రెండో చీటీ మార్నీ విట్కోవ్‌స్కీది. చేరి ఐదు నెలలైంది. తిప్పాం. ఆర్విడ్‌ది 0.14. మార్నీది 0.27.

"ఎక్కడో కాలు జారావు పిల్లా" అన్నాడు ఆర్విడ్, కోటు తొడుక్కుంటూ.

"మూడుసార్లు కట్టాను ఆర్విడ్. మూడుసార్లూ అక్కడికే జారాను."

ఆయన కోటు విప్పేసి కూర్చున్నాడు.

ఉపగ్రహానికి కక్ష లేదు గానీ కక్ష్య ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది పక్కకు జరుగుతుంది. మొదట్లో ఏ ఊరి మీదికైనా మధ్యాహ్నం రెండింటికి వచ్చే మా ఉపగ్రహం ఇప్పుడు నాలుగున్నరకు వస్తోంది. ఆ తేడాను పట్టించుకోకపోతే, పొద్దు వాలడం చూసి భూమి చల్లబడిందని రాసుకున్నట్టే. అందుకే తగ్గిన వేడిని తిరిగి కలపాలి. ఆ సవరణ రాసింది ఆర్విడే. అది పుస్తకాల్లోకి ఎక్కింది ఆయన పేరుతోనే. జూన్‌లో రిటైరయ్యే మనిషికి మిగిలే పేరంతా అదే.

మార్నీ ఆ సవరణను ఆయన దగ్గర తెచ్చుకోకుండా సొంతంగా రాసింది. మరి ఆమెకు ముందు రెండో చీటీ రాసినవాళ్ళు? పాత ప్రోగ్రాములన్నీ నా దగ్గరే ఉంటాయి కాబట్టి తెరిచి చూశాను. ఏడుగురూ మిగతాదంతా సొంతంగా కట్టి, సవరణ దగ్గరికి వచ్చేసరికి ఆర్విడ్ రాసిందే తెచ్చి అతికించారు. ఆయన గీసిన గీత దాటేదెవరు? ఇన్నేళ్ళూ మేం ఒకే చీటీని రెండుచోట్ల రాసుకుని, కలిసిందని సంబరపడ్డాం.

ఆర్విడ్ తెరమీద వేలు పెట్టి ఒక్కో వరుసా దిగాడు. ఉష్ణమండలం దగ్గర వేలు ఆగిపోయింది. సవరణ రాసిననాడే అక్కడ కలపాల్సిన వేడిని తీసేశాడు. భూమి వేడెక్కిన వేగం మా గీతలో ఉన్నదాని కంటే ఎక్కువ.

మార్నీ ఆయన వైపు తిరిగింది. "ఈ నెలకి పాత లెక్కే పంపేద్దాం. జూన్ దాటాక నేను మెల్లగా సరిచేస్తాను."

"జూన్ దాటాక నన్నెవరూ అడగరు. అడగాల్సింది నన్నే కదా."

ఆయన పత్రికలవాళ్ళకు ఈ నెల అంకె ఆలస్యమవుతుందని కబురు పంపించి, డెల్లా నంబరు నన్నడిగాడు. ఇన్నేళ్ళ గొడవలో ఆయన దగ్గర ఆ నంబరే లేదు.

"డెల్లా, నేను ఆర్విడ్‌ని. నీ గీతే కరెక్టు. ఉష్ణమండలంలో కలపాల్సింది నేను తీసేశాను."

ఫోను అందరికీ వినపడేలా స్పీకర్లో పెట్టాడు. కాఫీ బాకీ ఇప్పుడు తీర్చుకుంటుందనుకున్నాం.

"ఏ ఏడాది నుంచి?" అంది డెల్లా.

ఆయన చెప్పాడు.

"నీ ఫైళ్ళన్నీ పంపు. నావీ పంపుతాను. నా సవరణనీ ఎవరూ మొదట్నుంచి రాసి చూళ్ళేదు ఆర్విడ్."

ఫోను పెట్టేసి ఆర్విడ్ మొదటి నెల ఫైలు తెరిచాడు. మార్నీ ఆయన పక్కకు కుర్చీ లాక్కుంది.

"ఇక్కడ కాదు" అన్నాడు ఆయన. "నీ గదికి పో. తలుపేసుకుని, నాది చూడకుండా రాయి."