మూడో మూల దాటాక

బొంతల పోటీలో మా అత్తగారి బొంతకి మూడేళ్ళుగా రెండో బహుమతే వస్తోంది. మొదటి ఏడు జడ్జిగారు చీటీ మీద "అంచులో దూది నిండలేదు" అని రాశారు. రెండో ఏడు "మూలలు మొండిగా ఉన్నాయి" అన్నారు. మూడో ఏడు "అంచు అలలు తేలింది" అన్నారు. పాపం బొంత ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. ఆ చీటీలు మూడూ అత్తగారు బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నారు. బట్టలు తీసినప్పుడల్లా చదువుకోవడం, పళ్ళు నూరుకోవడం.

ఈసారి మొదటి బహుమతి రావాలి. అదీ తన పేరు మీద రావాలి. ఆ పోటీలో ఒక్కరే కుట్టిన బొంతలు ఒక విభాగం, ఇద్దరు కలిసి కుట్టినవి ఇంకొకటి. రెండోది చేతకానివాళ్ళ కోసం పెట్టారని ఆవిడ నమ్మకం.

ఊదా, పసుపు ముక్కలతో బొంత పైభాగానికి పది నెలలు పట్టింది. తీరా అంచు దగ్గరికి వచ్చేసరికి ఇల్లు రెండు పార్టీలైంది.

"ఎర్ర అంచు వేస్తే కొట్టొచ్చినట్టు కనపడుతుంది," అన్నారు అత్తగారు.

"కొట్టినట్టే ఉంటుందత్తయ్యా," అన్నాను. " జడ్జిగారు కళ్ళు మూసేసుకుంటారు."

"మూసుకుంటే మీ అంచు కనపడదుగా, మంచిదే," అన్నారు మావగారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

వాదించి లాభం లేదని బొంతని భోజనాల బల్ల మీద పరిచి, నాలుగు రకాల గుడ్డలు అంచు వెడల్పున మడిచి నాలుగు పక్కలా పెట్టాను. ఎరుపు దగ్గర చూపు అంచు మీదే ఆగిపోయింది, లోపలికి పోనంది. నలుపు పెడితే బొంత ఫొటో ఫ్రేములో ఇరుక్కున్నట్టుంది. లేత పసుపు అసలు ఉందో లేదో తెలియలేదు. సన్నటి తెల్ల చారలున్న ముదురు నీలాన్ని ఐమూలగా మడిచి పెడితే మాత్రం చారలు తాడు పేనినట్టు వాలుగా పరిగెత్తాయి. అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ముందు నేను అనుకున్నది ఇదే," అన్నారు.

ఓటమి ఒప్పుకోవడంలో అది ఆవిడ పద్ధతి.

గుడ్డని పట్టీగా కత్తిరించడం, దాన్ని ముందువైపు మిషను మీద కుట్టడం, దూదిని గోరంచంత బయటికి వదిలి అంచు నిండేలా వెనక్కి మడవడం, అన్నీ ఆవిడే చేశారు. ఇక వెనకవైపు చేత్తో హెమ్మింగు మిగిలింది. మూడో మూల ముగిసింది. పోటీకి నాలుగు రోజులుందనగా కత్తిపీట మీద కూరలు తరుగుతూ కుడి బొటనవేలు కోసుకున్నారు. కట్టు కట్టాక ఆ వేలు కుంకుడుకాయంత అయింది. సూది పట్టుకునే సమస్యే లేదు.

"నువ్వు కుట్టు," అన్నారు. "బుర్ర నాది, చెయ్యి నీది."

"మరి పోటీ ఫారంలో నా పేరు లేదుగా?"

"ఫారం బుర్ర పేరు మీద ఉంది."

మావగారు నిబంధనల కాగితం వెతికి పట్టుకొచ్చారు. "సూది పట్టిన ప్రతి ఒక్కరి పేరూ రాయాలి, అని ఉందోయ్."

"మిమ్మల్నెవరైనా అడిగారా?"

ఆయన మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు.

"అచ్చం నాలాగే ఉండాలి," అన్నారు అత్తగారు నాతో. "అంగుళానికి ఏడు కుట్లు. ఎనిమిదోది పడిందో, చూసుకో మరి."

మొదటి జానెడు ఏడే వేశాను. పక్కనే కుర్చీ వేసుకుని "బిగించకు, వదిలెయ్యకు, బిగించకు" అంటూ కూర్చున్నారావిడ. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ ఇంట్లో నా సూదికి గుండీలు కుట్టే హోదా దాటలేదు. ఎనిమిది పడింది. తర్వాత తొమ్మిది. చివరికి పది దగ్గర స్థిరపడ్డాను. ఆవిడ కళ్ళకి ఏడూ పదీ ఒకటేనని నాకు తెలుసు. తెలిసే వేశాను.

పోటీ రోజున హాల్లో వరసగా బల్లలు వేసి, ఎవరి బొంత పక్కన వాళ్ళని నిలబెట్టారు. జడ్జిగారు కుట్టు నేర్పే టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. బక్కగా, సూదిలాగే ఉన్నారు. మా అంచు తిరగేసి, చూపుడువేలు ఆనించి నడవడం మొదలుపెట్టారు.

"ఈసారి దూది నిండింది. మూలలు కూడా బాగున్నాయి."

అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. జడ్జిగారి వేలు మూడో మూల దాటి, జానెడు వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది.

"ఇక్కడ చెయ్యి మారింది."

"బొటనవేలు తెగిందండీ," అని కట్టు చూపించారు అత్తగారు.

"వేలు తెగితే కుట్టు పాడవ్వాలి కదమ్మా. బాగుపడిందేమిటి?"

సూది మార్చారనే అబద్ధం నా నోటి దాకా వచ్చింది. అత్తగారు ఒంగి, అంచుని కంటికి దగ్గరగా పెట్టుకుని, గోటితో ఒక్కో కుట్టూ లెక్కపెట్టారు.

"పదా?" అన్నారు నాకేసి తిరిగి.

నేను తల ఊపాను.

ఆవిడ నడుము నిటారు చేశారు. "మా కోడలు కుట్టిందండీ, అక్కణ్ణుంచి. ఏడు వెయ్యవే అంటే పది వేసింది. చెప్పిన మాట వినదు."

నేరం ఒప్పుకోవడమూ నా మీద ఫిర్యాదూ ఒక్క మాటలో అయిపోయాయి. జడ్జిగారు నవ్వాపుకుంటూ ఫారంలో ఒక గీత కొట్టి, నా పేరు అడిగి రాసుకుని, బొంతని ఇద్దరి విభాగంలోకి మార్పించారు. అక్కడ మాతో కలిపి మూడే జంటలు. ఒక జంట అప్పటికే మాట్లాడుకోవడం మానేసింది. మొదటి బహుమతి మాకే వచ్చింది. సర్టిఫికెట్ మీద రెండు పేర్లు.

తిరుగు బస్సులో అత్తగారు బొంత ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"తప్పు నాదే అత్తయ్యా," అన్నాను. "ఏడే వేసుంటే మీ ఒక్కరి పేరు మీదే వచ్చేది."

"ఏం వచ్చేది? ఏడు వేసిన మూడేళ్ళూ చూశాంగా." అంచు తిరగేసి నా కుట్టు మీద వేలు పెట్టారు. "ఏదీ, ఎలా వేశావో చెప్పు."

"మాటలతో చెప్తే వచ్చేది కాదత్తయ్యా."

"నాలుగు రోజులు నేను మాటలతోనే కదే నీ చేత కుట్టించింది!"

"అందుకే ఏడు రాలేదు."

ముందు సీట్లో మావగారి భుజాలు నవ్వుతో కదిలాయి. అత్తగారు వాటికేసి ఓ చూపు చూసి, సంచిలోంచి సూదీ దారం తీసి నా చేతిలో పెట్టారు. తన రుమాలు అంచు మడిచి మోకాలి మీద పరిచారు.

"ఊఁ, నెమ్మదిగా వెయ్యి. నేను చూడాలి."

మా స్టాపు వచ్చిందని మావగారు రెండుసార్లు చెప్పారట. మాకు వినపడలేదు.