అయ్యవారి మూడు కీర్తనలు

రండమ్మా, రండయ్యా, ఇలా దగ్గరికి జరిగి కూచోండి. ఆ ఫోన్ల నోళ్ళు మూయండి. వెనకాల పత్తి రేటు గురించి మాట్లాడుకుంటున్న పెద్దమనుషులు ఆ రేటును కాసేపు అక్కడే పడుకోబెట్టండి, ఎలాగూ అది లేచేది లేదు. ఇది సన్నాయి కథ. నడుమ ఎవరికైనా దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గి రండి.

దర్శి దగ్గర పల్లెలో నన్నే సాహెబ్ అని సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఏడు తరాలుగా ఆ ఊరి రాములవారి పెళ్ళికి ఊదేది వాళ్ళ ఇంటివాళ్ళే. ఆయన కల్యాణి ఎత్తుకుంటే అటు పోయే ఆర్టీసీ బస్సు హారన్ కొట్టడానికి సిగ్గుపడేది. చేలో ఇంకా నాలుగు రోజులకి పగలాల్సిన పత్తికాయ ఆత్రం ఆగక ఆ పూటే పగిలేది. నమ్మనివాళ్ళు ఆ పత్తిని అడగండి.

అంతటి మనిషికీ పెళ్ళిళ్ళు తగ్గిపోయాయి. డీజేలొచ్చాయి. మేళం లేని నెలల్లో ఆయన మిరప కల్లాల్లో కూచుని కాయల తొడిమలు తీశాడు. అలా ఇరవై ఏళ్ళు. సన్నాయిలోకి పోవాల్సిన ఊపిరి ఆ ఘాటులోనే పోయింది. ఒంగోలులో డాక్టరు ఛాతీ ఫొటో వెలుతురుకి ఎత్తి చూసి, ఇక ఊదొద్దన్నాడు. ఊదితే ఏమవుతుందని నన్నే సాహెబ్ అడిగాడు. డాక్టరు జవాబు ఆయనకి చెప్పలేదు, పక్కనున్న భార్య జహీరున్నీసాకి చెప్పాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి చైతన్యకృష్ణ గారొచ్చాడు. సంగీత సభ నడిపే మనిషి. నన్నే సాహెబ్ సన్నాయి ఎవరి దగ్గరా రికార్డు లేదనీ, అయ్యవారి కీర్తనల్లో ఆయనకి బాగా ఇష్టమైనవి ఎంచి ఊదితే భద్రంగా దాస్తాననీ అన్నాడు. అయ్యవారంటే రెండొందల ఏళ్ళ కిందట కావేరి ఒడ్డున కూచుని తెలుగులో పాడుకున్న ఆ పెద్దాయన. మేళగాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలవరు.

వచ్చినాయన వెళ్ళగానే ఇంట్లో యుద్ధం మొదలైంది. ఒక్కటీ ఊదడానికి లేదంది జహీరున్నీసా. వంద ఊదుతానన్నాడు ఆయన. రెండు రోజులు అన్నం కంచాలు చప్పుడు చేశాయి గానీ మనుషులు మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆమె మూడుకి ఒప్పుకుంది, అవీ పొట్టివి అయితేనే అంది.

"కీర్తనలు కూడా గజాల లెక్కన కొలుస్తావటే నువ్వు?" అన్నాడాయన.

"నీ ఊపిరి కొలిచినోడు చెప్పాడయ్యా నాకు. నేను కొలవకపోతే ఎవురు కొలుస్తారు?"

ఆయన వేళ్ళు మడిచి ఎంచడం మొదలుపెట్టాడు. తోడిలో ఒకటి, కాంభోజిలో ఒకటి, అలా చేతివేళ్ళు అయిపోయి కాలివేళ్ళకి దిగాడు. డోలు వాయించే జాన్ బాషా ఎదురుగా కూచుని పొడుగని ఒక్కొక్కటీ కొట్టేయడం, ఆయన మళ్ళీ కలుపుకోవడం. జహీరున్నీసాకి రాగాల పేర్లు రావు. నలభై ఏళ్ళు పొయ్యి ముందు కూచుని విన్నది కాబట్టి ప్రతి కీర్తనకీ ఆమె దగ్గర సొంత పేరుంది. ఒకటి కరెంటు పోయిన పెళ్ళి పాట. ఒకటి దూడ చచ్చిపోయినప్పటి పాట. ఇంకొకటి వాన పాట. కొత్తగా కాపురానికొచ్చిన ఏడు, పంటంతా తడిసిపోతుంటే, చేయగలిగింది ఏమీ లేక వసారాలో కూచుని ఆయన ఊదింది. వాన తగ్గినా పాట తగ్గలేదు. ఆ వేళే ఆమెకి ఈ మనిషితో బతకొచ్చు అనిపించింది.

చివరికి తోడి నిలబడింది, కరెంటు పాట నిలబడింది. మూడోది నువ్వు చెప్పు అన్నాడాయన.

ఆమె నోటి దాకా వాన పాటే వచ్చింది. అది అరగంట సాగుతుందని గుర్తొచ్చింది. మింగేసి, "పొద్దున్నే పీక సరిచూసుకునేటప్పుడు ఊదుతావే, ఆ చిట్టిది" అంది.

"అదా నీకిష్టం?"

"అదే."

ఆయన ఆమె మొహంలోకి చూసి, మూడో వేలు మడిచాడు.

పీక అంటే సన్నాయి చివర నోట్లో పెట్టుకునే చిన్న రెల్లు ముక్క. దాన్ని గంజినీళ్ళలో ముంచి, ఎండలో ఆరబెట్టడం నలభై ఏళ్ళుగా జహీరున్నీసా పని. ఆయనకి మిగిలినదీ ఒకటే, తక్కినవన్నీ చీలిపోయాయి. రికార్డింగుకి ముందు రోజు మధ్యాహ్నం ప్రహరీ మీద ఆరబెడితే మేకలొచ్చాయి. పక్కనే ఊరి ఆసామి అంకమ్మరావు మిరప కల్లం. ఆ ఏడు ఆయన వేసింది తేజ రకం, గుంటూరు యార్డులో ఆ బస్తా విప్పితే చీరాలలో రైలు తుమ్ముతుంది. ఆమె కాయలు ఆరబోసిన పట్టా కొసన, వాటికి జానెడు దూరంలో పీక పెట్టి, తను కాపలా కూచుంది. కూలీలు కాయల్ని తిరగేస్తుంటే ఎర్రదుమ్ము లేచింది. ఆ నెలల్లో ఊరంతా ఆ ఘాటే కాబట్టి ముక్కుకి తేడా ఏమీ తెలియలేదు. ఎండిన పీకని చీర చెంగులో చుట్టి తెచ్చింది.

రికార్డింగు అంకమ్మరావు పత్తి గోడౌన్లో. చుట్టూ బేళ్ళుంటే నాదం ప్రతిధ్వని కొట్టదని చైతన్యకృష్ణ గారే ఎంచుకున్నాడు. ఊళ్ళో సగం మంది బేళ్ళెక్కి కూచున్నారు. నన్నే సాహెబ్ పీక నోట్లో పెట్టి మొదటి ఊపిరి వదిలాడు. వదిలి, ఒక్క క్షణం ఆగాడు. భార్య వైపు చూశాడు. నవ్వాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు.

తోడి సగంలోకి వచ్చేసరికి ఆయన కళ్ళ వెంట ధారలు. జనం చేతులు జోడించారు. ఎంత భక్తయ్యా అనుకున్నారు. పెదవులు ఎర్రగా ఉబ్బాయి, అది కూడా భక్తే అనుకున్నారు. జహీరున్నీసా కూడా అదే అనుకుంది. తనకి తెలిసిన మనిషి పాటకి ఏడ్చే రకం కాదని ఒకసారి అనిపించింది గానీ, ఈ రోజు వేరు కదా అనుకుంది.

కరెంటు పాట అయ్యేసరికి ఆయన డొక్కలు కొలిమి తిత్తిలా ఎగురుతున్నాయి. చాలని ఆమె చెయ్యి ఊపింది. జాన్ బాషా డోలు పక్కకి వాల్చాడు. నన్నే సాహెబ్ ఒక వేలు చూపించి, ఆ వేలినే భార్య వైపు తిప్పాడు. నీది మిగిలుంది అని.

చిట్టిదే కదా అని ఆమె గుండె దిటవు చేసుకుంది. మొదటి సంగతి పడగానే ఆమె పోల్చుకుంది. అది చిట్టిది కాదు, వాన పాట. ఆపమని అరవాలని లేచింది, అరవలేకపోయింది. నలభై ఏళ్ళలో ఆమె కోసమని ఎవరూ ఏదీ ఊదలేదు. లేచినామె నిలబడే వింది.

చరణం దగ్గర స్వరం తెగింది. ఆయన సన్నాయిని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, వెనకున్న బేలుకి తల ఆనించాడు. ఆస్పత్రికి ఎక్కించిన ఆటో దర్శి చేరే లోపలే ఆయన పని అయిపోయింది.

మర్నాడు మట్టి చేసి వచ్చాక వాకిట్లో చాప మీద ఊరి పెద్దలు కూచున్నారు. చైతన్యకృష్ణ గారు రికార్డు పెట్టె ఒళ్ళో పెట్టుకుని తల దించుకుని ఉన్నాడు. జహీరున్నీసా గడపలో కూచుని సన్నాయి తుడుస్తోంది. పీక ఊడదీసి, తడి ఉందేమోనని అలవాటుగా పెదవికి ఆనించింది. నిప్పు అంటించినట్టు మండింది. ఇంకోసారి ఆనించింది. నిన్న ఆయన చూసిన చూపు, నవ్విన నవ్వు గుర్తొచ్చాయి. మొదటి ఊపిరికే ఆయనకి తెలిసిపోయింది. వేరే పీక లేదు. నలుగురిలో పెళ్ళాన్ని ఒక మాట అనే మనిషీ కాదు.

"నేనే ఆరబెట్టాను," అంది ఆమె. గొంతు పెద్దగా లేదు గానీ వాకిట్లో అందరికీ వినపడింది. "కల్లం మీద. కాయల పక్కన. నా చేత్తోనే ఆయన నోటికిచ్చాను."

జాన్ బాషా వచ్చి ఆమె చేతిలోంచి పీక తీసుకున్నాడు. వదినా అంటూ ఆమె పక్కనే కింద కూచున్నాడు. పక్క కల్లంలో కాయలు తిరగేస్తున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

అంకమ్మరావు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ఏదో ఒకటి అనకపోతే బాగుండదనుకుని, ఆయన్ని పోగొట్టుకున్న బాధ నిజంగానే మొహం నిండా ఉంటే, మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"నా పక్క కల్లంలో బాడిగ రకం పోశారమ్మా. ఘాటు తక్కువ. అక్కడ ఆరేసుంటే ఇంకో రెండు కీర్తనలు వచ్చుండేయి."